ఫిల్టరు మూతకి మినప్పిండి

ఆ రోజుల్లో బందరులో మంచినీళ్లంటే కాలవనీళ్లే. వేసవిలో కాలవ కట్టేస్తే నీళ్లు పచ్చబడేవి, కొత్తనీరు వదిలితే ఎర్రబడేవి. ఇంట్లో ఆడవాళ్లం చిల్లగింజ అరగదీసి బిందెడు నీళ్లు తేర్చుకుంటే అదే మహాభాగ్యం. అలాంటి ఊళ్లో అద్దంలాంటి నీళ్లతో గోళీసోడాలు కొడతానని బయల్దేరిన మనిషికి భార్యనై వచ్చాను నేను. మాది మొవ్వ దగ్గర పల్లె. అమ్మ ఇంట్లోనే చెప్పిన నాలుగు ముక్కల చదువు, దేవుడి ముందు చదువుకునే నాలుగు శ్లోకాలు, ఇవే నేను తెచ్చుకున్న సారె. మావగారి వంశంలో మగవాళ్లంతా అయితే బడిపంతుళ్లు, కాకపోతే గుమాస్తాలు. అందుకని ఆయనకి కొడుకు చేసే పని బొత్తిగా మింగుడు పడలేదు. "మనింట్లో గోళీలాడుకున్న వాళ్లున్నారు గానీ గోళీలమ్ముకున్న వాళ్లు లేరురా" అనేవారు. చివరికి ఒక మాట ఖాయం చేశారు. దివిసీమ వైపు పెళ్లివారు సోడాలకి కబురు చేశారు కదా, ఆ బేరం కుదిరితే సరే, కుదరకపోతే షాపు మూసేసి తాలూకాఫీసులో గుమాస్తా పనికి అర్జీ పెట్టుకోవాలి. మా ఆయన పైకి "సరే నాన్నగారూ" అన్నారు గానీ, ఆ రాత్రి అన్నం కలిపి కలిపి వదిలేశారు. ఆయన గుమాస్తాగా కూర్చుంటే ఎలా ఉంటారో ఊహించుకుని నేనూ తినలేకపోయాను (కూర్చోవడం ఆయనకి మొదటినుంచీ చేతకాదు).

మా ఇంటి ముందుగదే షాపు. ఆ షాపుకి గుండెకాయ ఫిల్టరు. అంటే మరేం లేదు, పొడుగాటి గుండిగలాంటి పాత్ర. లోపల తెల్లటి పింగాణీ క్యాండిళ్లు నిలబడి ఉంటాయి. చేతి పంపుతో నీళ్లు లోపలికి తోస్తే అవి క్యాండిళ్ల గుండా వడకట్టుకుని కింది గొట్టంలోంచి వస్తాయి. పైన మూత, మూత చుట్టూ మరలు. గుడివాడ కొట్లో ఇనుపది ఒకటి, ఇత్తడిది ఒకటి చూపించారట. ఇనుపది చవక. కానీ మన బందరు ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండా తుప్పు పట్టి సోడాలన్నీ కషాయమైపోతాయని మా ఆయన ఇత్తడిదే బేరమాడారు. బస్సులో ఒళ్లో కూర్చోబెట్టుకుని, పసిపిల్లకి కప్పినట్టు తువ్వాలు కప్పి మరీ తెచ్చారు. లోపల చిలుము పట్టకుండా కళాయి పూయించారు. క్యాండిళ్లు కడిగే పని నాకు అప్పగించి, "సబ్బు తగలనివ్వకు, కొబ్బరిపీచుతో మెల్లగా రుద్దు, గట్టిగా పట్టుకుంటే పగుళ్లిస్తాయి" అని పాఠం చెప్పారు. మా పెళ్లయ్యాక ఆయన నాతో అంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి. అందుకని నాకు ఆ ఫిల్టరంటే ఇప్పటికీ అభిమానమే.

అత్తగారు లేని ఆ ఇంట్లో పెద్దరికమంతా ఆవిడ అక్కగారిది. మా ఆయనకి దొడ్డమ్మ, నాకూ దొడ్డమ్మే, వీధి మొత్తానికి మడి దొడ్డమ్మగారు. ఫిల్టరుని వేలి కణుపుతో కొట్టి చూసి, మోత విని, "మంచి ఇత్తడేరా, పదికాలాలు ఉంటుంది" అని మెచ్చుకున్నారు. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు చూశారు, మూతకింద పరిచిన ఆ నల్లటి చుట్టుని.

"అదేవిట్రా?"

"వాషరు దొడ్డమ్మా. మూతసందులోంచి నీళ్లు కారకుండా."

"దేంతో చేశారు?"

మా ఆయనకి అబద్ధం రాదు. "తోలు" అన్నారు.

ఆవిడ రెండడుగులు వెనక్కి వేశారు. "రామ రామ! తోలు నానిన నీళ్లా? ఆ పెళ్లివారి పెద్ద ఎవరనుకున్నావు? వరసకి నా మరిది. తోలునీళ్లు తాగించి వాళ్ల నిష్ఠ చెడగొట్టానని అనిపించుకోనా? ముందది తీసెయ్యి!"

"తీసేస్తే కారుతుంది దొడ్డమ్మా!"

"ఎందుకు కారుతుందీ? కుడుములకి ఎసరు పెట్టినప్పుడు గిన్నెకి మూతపెట్టి చుట్టూ మినప్పిండి మెత్తితే ఆవిరే బయటికి రాదు. నీళ్లొక లెక్కా? అమ్మాయ్, పప్పు నానబొయ్యి."

మా ఆయన నావంక చూశారు. నేను రోలువంక చూశాను. పెద్దావిడ మాట కాదనే ధైర్యం ఇద్దరికీ లేదు, పైగా నిజం చెప్పొద్దూ, నాకు ఆ ఉపాయం ఎంతో సబబుగా తోచింది. నీళ్లు తగలకుండా గట్టిగా రుబ్బి, మూత చుట్టూ శ్రద్ధగా మెత్తి, ఎండలో ఆరబెట్టాను. బిందెతో నీళ్లుపోసి చూస్తే ఒక్క చుక్క కారలేదు. దొడ్డమ్మ ముఖం వెలిగిపోయింది. "చూశారా!" అన్నారు. నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఊరికే పోసిన నీళ్లకీ పంపు తోసిన నీళ్లకీ ఉన్న తేడా మాకెవరికీ తట్టలేదు.

మర్నాడు పెళ్లివారి పెద్ద చల్లపల్లిలో బస్సు మారి బందరు దిగాడు. మల్లెపువ్వులాంటి లాల్చీ, పైన జరీ ఉత్తరీయం. మావగారు కుర్చీ వేసి పక్కన నిలబడ్డారు. మా ఆయన పంపు పట్టుకున్నారు. రెండు తోపులకి ఏమీ కాలేదు. మూడో తోపుకి మూతకింద 'బుస్సు'మంది. ఆ తర్వాత ఒకవైపునుంచి తెల్లటి ధార ఎగిరి, తిన్నగా వెళ్లి పెద్దాయన మీసాలమీద వాలింది. ఆయన బెదిరి కుర్చీతోసహా వెనక్కి జరిగితే రెండోవైపునుంచి ఎగిరిన ధార మావగారిని పలకరించింది. షాపంతా పచ్చిపిండి వాసన. పెద్దాయన ఉత్తరీయంతో మూతి తుడుచుకుని, వేలితో కాస్త తీసి చూసుకుని, తాపీగా అన్నాడు: "మేం సోడాలకే కదండీ కబురు చేశాం, టిఫిన్లు కూడా మీరే చూసుకుంటారా?"

నాకు నవ్వాగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పరిగెత్తాను. కానీ వెనకే పెద్దాయన మాటలు వినిపించాయి: "రేపు పొద్దుటి బస్సుకి వెళ్లిపోతానండీ. ఈలోగా సోడా నా చేతికిస్తే సరే, లేకపోతే గుడివాడలో చూసుకుంటాను." మావగారు లోపలికి వెళ్లి, అర్జీ రాసే తెల్లకాగితం బల్లమీద పెట్టి, పైన కలం పెట్టారు. నా నవ్వు ఎక్కడికక్కడ ఆగిపోయింది.

ఏం చెయ్యాలో తోచక సోడాబుడ్లు కడగడానికి కూర్చున్నాను. కళ్లనిండా నీళ్లు, నోట్లో రామనామం. వేలితో బుడ్డి మెడలోపల రుద్దుతుంటే గోళీ ఆనుకునే చోట మెత్తగా చుట్టు తగిలింది. రబ్బరు! గ్యాసుని పట్టి ఆపేది అదే కదా. అజీర్తి చేసినప్పుడల్లా దొడ్డమ్మ తాగే సోడా ఆ చుట్టుని తాకే వస్తోంది కదా! బుడ్డి పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్లి చూపించాను.

ఆవిడ కళ్లు చిట్లించారు. "రబ్బరంటే ఏ జంతువుదే?"

"జంతువుది కాదండీ. చెట్టుకి గాటు పెడితే కారే పాలు గడ్డకడితే రబ్బరవుతుందని అమ్మ చదివించిన పుస్తకంలో ఉంది."

"చెట్టు పాలా?" ఆవిడ ఆలోచించారు. "మర్రిపాల్లాగా? ఆ మాట ముందే చెప్పి ఏడవకూడదుటే పిచ్చిమొహమా! వెళ్లి వాణ్ణి పిలు."

మా ఆయన లారీషెడ్డు నుంచి పాత ట్యూబుముక్క తెచ్చి, మూత కొలతకి కత్తిరించారు. నేను వాసన పోయేదాకా వేణ్ణీళ్లలో మరగబెట్టాను. దొడ్డమ్మ పసుపునీళ్లు చల్లారు (లారీ ఎక్కడెక్కడ తిరిగిందో కదా). ఎదురెదురు మరలు జంటలుగా బిగించి పంపు తోస్తే మూత కిక్కురుమనలేదు.

తెల్లవారి పెద్దాయన సోడా అందుకుని, ముందు వదినగారి వంక చూశాడు. "నేను తాగాకే నీకిచ్చార్రా, తాగు" అన్నారు దొడ్డమ్మ. ఆయన గోళీ నొక్కి, గటగటా తాగి, బ్రేవుమని త్రేన్చి, పెళ్లికి కావలసిన సోడాలన్నీ ఇక్కడే పురమాయించాడు. బస్సు కదిలాక మావగారు షాపు గుమ్మంలో కొనుక్కోవడానికొచ్చిన మనిషిలా కాసేపు నిలబడ్డారు. "వదినగారూ, వీడికి తాలూకాఫీసులో కూర్చునే ఓపిక ఎక్కడిది లెండి" అని, "ఏదిరా, నాకూ ఒకటి కొట్టు" అన్నారు. మా ఆయన తొందరలో గోళీ నొక్కితే మొదటి బుడ్డి సగం నేలపాలైంది.

ఆ సాయంత్రం దీపం పెట్టి, దేవుడికీ, దొడ్డమ్మకీ, మావగారికీ వరసగా దణ్ణాలు పెట్టుకున్నాక, ఏ దేశంలో ఉంటుందో కూడా తెలియని ఆ రబ్బరుచెట్టుకి కూడా, ఏ దిక్కుకి తిరగాలో తెలియక, నాలుగు దిక్కులా తిరిగి ఒక్కో దణ్ణం పెట్టాను. ఎంత వెర్రిదాన్నో అని ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. అయినా పెట్టిన దణ్ణాల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోబుద్ధి కాదు.