గొళ్లెం లోపలివైపే ఉంది

కరోనా తగ్గి కాలేజీలు మళ్లీ తెరిచిన మరుసటి ఏడాది మే నెలలో, పదవీ విరమణకు కొద్ది నెలల ముందు, నన్ను ఒక పరిశోధనకు భద్రతా పరిశీలకురాలిగా నియమించారు. నేను క్లినికల్ సైకాలజిస్టును. మనుషుల మీద చేసే పరిశోధన దేనికైనా ముందు ఎథిక్స్ కమిటీ ఆమోదం కావాలి. ప్రమాదం ఉండవచ్చనిపిస్తే కమిటీ తన తరఫున ఒకరిని అక్కడ కూర్చోబెడుతుంది. ఎవరికైనా హాని జరుగుతోందనుకుంటే ఎవరినీ అడగకుండా పని ఆపించే అధికారం ఆ మనిషికి ఉంటుంది. ఆ విషయంలో పరిశోధకుల కన్నా పరిశీలకుల మాటే పైది.

పరిశోధన ఉత్తుత్తి జైలు మీద. కార్ఖానా అనే పేటలో మూతపడిన ఒక హాస్టల్‌ను డాక్టర్ వినీత అనే అసోసియేట్ ప్రొఫెసర్ అద్దెకు తీసుకుంది. బలప్రయోగం లేకపోయినా ఒక గుంపులో పెత్తనం ఎలా పుడుతుందన్నది ఆమె ప్రశ్న. ఇష్టపడి వచ్చిన డిగ్రీ విద్యార్థులు చీటీలు తీశారు. కొందరు ఖైదీలయ్యారు, కొందరు కాపలాదారులయ్యారు. కొట్టకూడదు, తిట్టకూడదు, అన్నం నీళ్లు ఆపకూడదు. ఖైదీ "నేను పోత" అని ఎవరితో అన్నా సరే, ఆ మాట పైకి చేరవేసి వెంటనే ఇంటికి పంపాలి. గదులకు తాళాలు లేవు. గొళ్లెం లోపలివైపే ఉంది. ఈ జాగ్రత్తలన్నీ చూశాకే కమిటీ ఒప్పుకుంది.

మేడ మీద, కింద జరిగేది చూపించే కెమెరా తెర ముందు నేనూ వినీతా కూర్చునేవాళ్లం. మొదటి రోజంతా గోల. కాప్రా నుంచి వచ్చిన జోయెల్ చర్చిలో పాడే కుర్రాడు. వాడు పాట అందుకుంటే తక్కిన ఖైదీలు మంచాల మీద దరువు వేశారు. పగటి కాపలా సందీప్‌ది. వాళ్ల నాన్నకు మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డల దుకాణం. సందీప్ మెతక మనిషి. ఖైదీ చీటీ వస్తే హాయిగా పడుకోవచ్చనుకున్నానని నాతో చెప్పి నవ్వాడు.

మర్నాడు పొద్దున తెరలో చప్పుడు రావడం లేదని వినీత వైర్లు కదిపి చూసింది. వైర్లు బాగానే ఉన్నాయి. కింద ఎవరూ మాట్లాడటం లేదు.

అంతలో సందీప్ ఎండ తప్పించుకోవడానికి కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. కుర్చీ కాళ్లు నేలకు రాసుకున్న చప్పుడుకు ఖైదీలందరూ లేచి నిలబడ్డారు. అతను సర్దుకుని కూర్చున్నాక కూర్చున్నారు.

ఈ ఆజ్ఞ ఎవరిచ్చారో చూద్దామని రికార్డింగ్ వెనక్కి తిప్పాం. ముందురోజు సాయంత్రం ఒకడు ఒళ్లు విరుచుకుంటూ లేచాడు. సరిగ్గా అప్పుడే కుర్చీ కదిలింది. తర్వాత కుర్చీ కదిలినప్పుడు ఇంకొకడు లేచాడు. ఆ తర్వాత అందరూ లేచారు. లెమ్మన్నవాళ్లు ఎక్కడా కనిపించలేదు.

సందీప్‌ను మేడ మీదికి పిలిచి అడిగాను.

"నేనేం అనలే మేడమ్. ఆళ్లే లేస్తున్నరు. నిన్న నవ్వొచ్చింది. ఇయ్యాల జెర భయమైతుంది."

"మరి లేవొద్దని చెప్పు."

"చెప్పబుద్ధి అయితలేదు మేడమ్," అన్నాడు.

అతను దిగిపోయాక వినీత, "ఒక్క నియమం కూడా తప్పలేదు కదా మేడమ్. నేను వెతుకుతున్నది దీన్నే," అంది. ఆ మాట నిజమే. ఈ అనుమతి కోసం ఆమె ఏళ్లుగా తిరిగింది. మధ్యలో ఆపిస్తే ఇంతవరకు చేసినదంతా వృథా. ఆ రోజుకు ఊరుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం జోయెల్ గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. ధ్వని ఎంత పెంచినా ఏమీ వినపడలేదు. నేను కిందికి వెళ్లాను. గది గుమ్మం దగ్గర ఆగి, నా శిష్యుల శిష్యుడి వయసున్న సందీప్‌ను, "లోపలికి రావచ్చా?" అని అడిగాను. అతను గది నలుమూలలా చూసి, "రండ్రి," అన్నాడు. రెండడుగులు వేశాక గాని నేనేం అడిగానో నాకు తెలియలేదు.

జోయెల్ పక్కన కూర్చుని ఏమైందని అడిగాను.

"పోత అని చెప్పిన మేడమ్." గొంతు దాదాపు లేదు.

"ఎవరికి చెప్పావు?"

తోటి ఖైదీల వైపు చూపించాడు. "ఈళ్లకే, మెల్లగ. సార్ చాయ్ తాగుతున్నడు, పరేషాన్ చెయ్యకు అన్నరు. ఇగ మల్ల అడగలే."

"ఎప్పుడు?"

"నిన్న."

సందీప్ ముఖం పాలిపోయింది. "నాకు తెల్వదు మేడమ్, ఒట్టు," అన్నాడు. నేను నమ్మాను. నియమం తప్పింది కాపలాదారులు కాదు, ఖైదీలు.

పరిశోధన ఇంతటితో ఆపుతున్నానని గట్టిగా ప్రకటించాను. తలుపు బార్లా తెరిచాను. ఎవరూ కదల్లేదు. అందరి కళ్లూ సందీప్ మీదే ఉన్నాయి. అతను తట్టుకోలేక లేచి బయటికి నడిచాడు. అప్పుడు వాళ్లూ కదిలారు, ఒకరి వెనుక ఒకరు. వరండా, ఆవరణ, గేటు దాటి రోడ్డు మీదికి వచ్చినా ఆ వరుస చెదరలేదు. సందీప్ ఆగాడు. వాళ్లూ ఆగారు.

"నా ఎన్క రాకుండ్రి రా!" అని ఏడుపు గొంతుతో అరిచాడు.

ఒక ఆటో వరుసకు అడ్డం వచ్చి హారన్ మోగించింది. ఎవడో ఉలిక్కిపడి పక్కకు దూకాడు. వాడిని చూసి ఇంకొకడు నవ్వాడు. అప్పటికి గాని వాళ్లు మళ్లీ విద్యార్థులు కాలేదు.

పరిశోధన ముగిశాక పాల్గొన్నవాళ్లతో విడివిడిగా మాట్లాడి మనసు తేలికపరచాలి. దాన్ని డీబ్రీఫింగ్ అంటారు. జోయెల్ రెండు వారాల్లో కుదుటపడ్డాడు. సందీప్‌కు చాలా నెలలు పట్టింది. దుకాణంలో కూర్చున్నా తను కదిలితే ఎవరు లేస్తారా అని చూస్తున్నానని చెప్పేవాడు. వినీత కొంతకాలం నాతో మాట్లాడలేదు. తర్వాత తన నివేదికలో, నేను గుమ్మం దగ్గర అనుమతి అడిగిన సంగతి కూడా రాయవచ్చా అని అడిగింది. రాయమన్నాను.

కమిటీకి నేను రెండు సూచనలు చేశాను. పరిశీలకులను రోజుకొకరిని మార్చాలి. ఆపే అధికారం ఆ భవనంలో అడుగుపెట్టని మనిషి చేతిలో కూడా ఉండాలి. రెండూ ఇప్పుడు అమల్లో ఉన్నాయి. ఇలాంటి చోట ఆజ్ఞ ఇచ్చినవాడి కోసం వెతికితే ఎవరూ దొరకకపోవచ్చు. మొదట ఎవరు లోబడ్డారో చూడాలి, వాళ్లను చూసి పక్కవాళ్లు ఏం చేశారో చూడాలి.