కరెంటమ్మ గారికి రేవు చేసిన మర్యాద

కరుణావతి గారు దివంగతులయ్యారు. ఇంత చిన్న వాక్యం రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. తెనాలిలో బంధువుల ఇంట పెళ్ళికి వెళ్ళిన ఆమెకు భోజనాల దగ్గర ఆయాసం వచ్చిందట. ఆసుపత్రికి చేర్చారు గానీ ప్రాణం నిలవలేదు. ఆ వార్త ఆమె చెల్లెలు ప్రమీల టీచరు గారు ఫోనులో చెబితే నేను నమ్మలేదు. ఎవరో గిట్టనివాళ్ళు పుట్టించారేమో కనుక్కోండమ్మా అని ఆవిడ మీదే కసిరాను. ఎందుకంటే ఆ ఉదయమే మేడమ్ నాతో మాట్లాడారు. "సోమవారం మళ్ళీ ఆఫీసుకి వెళ్దామయ్యా. ఈసారి పని అయ్యేదాకా కదిలేది లేదు. టిఫిన్ కూడా కట్టించుకుని రా" అని నవ్వారు. అంత నిబ్బరంగా నవ్విన మనిషి సాయంత్రానికి లేరంటే మనసు ఎలా ఒప్పుకుంటుంది?

ఆ సాయంత్రమే నిజాంపట్నం నుంచి ఏసుబాబు ఫోన్ చేశాడు. అక్కడి హార్బరులో బోటు యజమాని. మొదట మేడమ్‌తో కయ్యానికి దిగి, తరువాత ఆమెకు కుడిభుజమైనవాడు. "సార్, అమ్మగారిని మట్టికి రేపల్లె తీసుకెళ్ళేముందు ఒకసారి మా జెట్టీకి తీసుకురండి. బోట్లన్నీ ఇంజన్లు వేసి సాగనంపుతామండి" అన్నాడు. బోటు యజమాని ఎవరైనా పోతే రేవులో ఉన్న బోట్లన్నీ ఒక్కసారిగా ఇంజన్లు నడిపి, ఆ మోతతో వీడ్కోలు చెప్పడం అక్కడివాళ్ళు పాటించే మర్యాద. బయటివాళ్ళకు అది జరగగా నేను వినలేదు. అయినా నా నోట వచ్చిన మొదటి మాట, "వద్దు ఏసుబాబూ." ఆ ఇంజన్ల పొగను ఆ రేవు నుంచి వెళ్ళగొట్టడానికే ఆమె తన విశ్రాంత జీవితమంతా ధారపోశారు. అదే పొగతో ఆమెను సాగనంపడమా? అవతల ఏసుబాబు ఫోను పెట్టేశాడు.

ఆమె ఎవరో తెలియనివారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. రేపల్లెలో లూథరన్ ఉపాధ్యాయ దంపతులకు పెద్ద కుమార్తె. ఆడపిల్లలు ఆ వైపు తొంగిచూడని రోజుల్లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, తూర్పు తీరంలో ఒక పెద్ద ఓడరేవు విద్యుత్ విభాగంలో చేరారు. ఉద్యోగ జీవితమంతా అక్కడే గడిపి, ఉన్నత పదవిలో విరమించారు. నేను ఆమె కింద పనిచేశాను. అమృతలూరు రైతుబిడ్డనని తెలిసి, "కాలవలో నీళ్ళు ఎటు మళ్ళించాలో తెలిసినవాడివేగా, కరెంటు ఎటు మళ్ళించాలో నేను నేర్పుతాలే" అని మొదటిరోజే ఆటపట్టించారు. నేర్పారు కూడా. ఆ నేర్పడంలో నేను తిన్న చీవాట్లు ఒక గ్రంథమవుతాయి.

రేవులో లంగరు వేసిన ఓడ నిద్రపోతోందని చూసేవాళ్ళు అనుకుంటారు. అది నిద్రపోదు. దాని దీపాలకు, పంపులకు, చల్లటి గదులకు కరెంటు కావాలి కనుక లోపల డీజిల్ జనరేటర్లు రేయింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి. ఆ పొగ గోడ దాటి కార్మికుల కాలనీ మీద పడేది. ఒడ్డు నుంచి మందపాటి కేబుల్ వేసి ఓడకు కరెంటిస్తే ఆ జనరేటర్లను ఆపేయవచ్చునన్నది మేడమ్ ప్రతిపాదన. పెద్దల సమావేశంలో ఖర్చు వివరాలన్నీ అడిగారు, ఆమె చెప్పారు. అప్పటికీ ఎవరి ముఖమూ వికసించలేదు. అప్పుడు ఆమె లేచి, "సార్, ఓడ ఉన్న రోజు మా కాలనీలో ఆడవాళ్ళు బట్టలు ఉతకరండి. ఓడ ఎప్పుడు పోతుందని గేటు దగ్గరికొచ్చి అడిగి వెళ్తారు. ఇది ఏ పద్దులో రాయమంటారు?" అన్నారు.  ఆ ప్రతిపాదన ఆమోదం పొందడానికి ఇంకా చాలాకాలం పట్టిందన్నది వేరే సంగతి. కానీ పొందింది.

"పొగకి ఇంటిపేరు ఉండదయ్యా. అందుకే నాదని ఎవరూ ఒప్పుకోరు" అనేవారు.

తొలి ఓడకు కరెంటు అందిన రోజు మేమందరం మిఠాయిలు పంచుకుంటుంటే ఆమె ఒక్కరే దిగాలుగా కూర్చున్నారు. కారణమడిగాను. "ఈ కరెంటు ఎక్కడిది? ఎక్కడో బొగ్గు కాలిస్తే వస్తోంది. ఇక్కడి పొగను తీసుకెళ్ళి ఇంకో ఊరి పిల్లల నెత్తిన పోశామేమోనయ్యా" అన్నారు. నాకు చిరాకేసింది. సంతోషించాల్సిన రోజున ఈ విచికిత్స ఏమిటనిపించింది. ఆ ప్రశ్న మాత్రం ఆమెను చివరిదాకా విడిచిపెట్టలేదు. గోదాముల కప్పుల మీద సౌర ఫలకాలు పెట్టించేదాకా నిద్రపోలేదు, పెట్టించిన తరువాత "ఇది చాలదు" అంటూనే ఉన్నారు. తన పనిని తానే అంత నిర్దయగా ప్రశ్నించుకునే ధీరత నేను మరొకరిలో చూడలేదు.

దేవతామూర్తిని చేసి చూపిస్తున్నానని ఆమెను ఎరిగినవాళ్ళు నవ్వుతారేమో. అన్నట్టు, ఆమెకూ ఒక పొగ ఉండేది. పదవీ విరమణ తరువాత బాపట్లలో స్థిరపడ్డారు. పెరట్లో కట్టెల పొయ్యి మీద మట్టి దాకలో వండితే తప్ప చేపల పులుసు ముట్టేవారు కాదు. "అక్కా, ఓడల పొగలన్నీ ఆపించావు, నీ పొయ్యి పొగ మాత్రం ఆపవేంటే?" అని ప్రమీల గారు దెప్పితే, "దీనికి మాత్రం నా ఇంటిపేరే రాసుకో" అని మూతి తిప్పేవారు. ఆ పులుసు తిన్నవాడిని, ఆ విషయంలో నేను తీర్పు చెప్పలేను.

ఆ పులుసుకు చేపలు కొనడానికి వెళ్ళినప్పుడే ఆమె నిజాంపట్నం జెట్టీని చూశారు. వేట నుంచి వచ్చిన బోట్లు ఒడ్డుకు కట్టేసి ఉన్నా ఇంజన్లు నడుస్తూనే ఉన్నాయి. వాటి పొగలోనే ఆడవాళ్ళు చేపలు ఏరుతున్నారు, పసిపిల్లలు గంపల పక్కన పడుకున్నారు. ఆమె ఇంటికి వచ్చి, ఉద్యోగం విరమించి అమృతలూరు చేరిన నన్ను పిలిపించారు. "ఓడలకి చేసింది బోట్లకి చెయ్యలేమా?" అన్నారు. నేను మా పొలం, నా మోకాళ్ళ నొప్పులు, మనకెందుకు అన్నీ చెప్పాను. అంతా విని, "సరే, రేపు పొద్దున్నే బస్సెక్కు" అన్నారు. అధికారుల చుట్టూ తిరిగి, దాతలను ఒప్పించి, జెట్టీ పొడవునా కరెంటు పెట్టెలు, వేలంపాట షెడ్డు కప్పు మీద సౌర ఫలకాలు పెట్టించారు. బోటు కట్టగానే పెట్టెలో ప్లగ్గు పెట్టి ఇంజను ఆపేయడమే. అప్పటినుంచి ఆమె అక్కడ అందరికీ కరెంటమ్మ.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. తొలి రోజున ఇంజను ఆపిన బోటు ఏసుబాబుదే. అతని చేపను ఎవరూ వేలంలో పాడలేదు. పక్కన మోత మోగుతున్న బోటు దగ్గర మాత్రం జనం ఎగబడ్డారు. ఏసుబాబు మా మీదకు వచ్చాడు. "ఇంజను చల్లారితే చేప నిన్నటిదంటారండి! మీ కరెంటు తీసుకెళ్ళి మీ ఇంట్లో పెట్టుకోండమ్మా!" అని అరిచాడు. నడుస్తున్న ఇంజను అంటే ఇప్పుడే వచ్చిన బోటని, ఇప్పుడే వచ్చిన బోటంటే తాజా చేపని వాళ్ళ లెక్క. ఎన్ని పటాలు చూపి వివరించామో గానీ, ఈ సంగతి మా ఇద్దరి బుర్రల్లో మెరవనే లేదు.

మేడమ్ అతనితో వాదించలేదు. చేపలు కొనే నాంచారమ్మ పక్కన గంప తిరగేసి కూర్చున్నారు.

"చేప తాజాదో కాదో ఎట్టా చూస్తావమ్మా?"

"మొప్ప ఎత్తి చూస్తానండి."

"మరి ఇంజనుతో పనేంటి?"

"బోటు వచ్చిందని తెలియాలి గదండీ. మోత వినపడితేనే లేచి పరిగెత్తుతాం."

మేడమ్ ముఖం విప్పారింది. ఆ వారంలోనే ప్రతి పెట్టెకు ఒక హారన్ బిగించారు. ప్లగ్గు పెట్టగానే అది పెద్దగా కూస్తుంది. మొదటిసారి కూసినప్పుడు నాంచారమ్మే ముందు లేచి వచ్చి, ఏసుబాబు చేప మొప్ప ఎత్తి చూసి, వేలంపాట మొదలుపెట్టింది. "మోత ఉంటే చాలండి, పొగెందుకు మాకు?" అంది. క్రమంగా ఒక్కొక్క బోటు ఇంజనూ ఆగింది. జెట్టీ మీద మనిషి మాట మనిషికి వినపడింది. ఏసుబాబు తన మాటలకు సిగ్గుపడి, ఒక పెద్ద పండుగప్ప చేపను మేడమ్ ఇంటికి మోసుకొచ్చాడు. ఆమె దానికి డబ్బిచ్చి మరీ తీసుకున్నారు, అతను అలిగినా వినలేదు.

ఇక్కడితో ఆగి నమస్కరించగలిగితే ఎంత బాగుండేది! కిందటి గాలివానకు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కప్పు మీది ఫలకాలు సగం ఎగిరిపోయాయి. మరమ్మతు ఎవరు చేయించాలన్నది తేలలేదు, ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును చూపించింది. పెట్టెల్లో కరెంటు లేదు, హారన్లు మూగబోయాయి, ఇంజన్లు మళ్ళీ మొదలయ్యాయి. మేడమ్ ఆ ఆఫీసుల బల్లల మీద ఎన్ని ఉదయాలు కూర్చున్నారో నేను ఎరుగుదును. పని అయ్యేదాకా ఆఫీసులో టీ తాగకూడదన్నది ఆమె నియమం. ఈ నెలల్లో ఆమె ఒక్క ఆఫీసులోనూ టీ తాగలేదు. "మనుషులు పొగకి మళ్ళీ అలవాటుపడేలోపు కరెంటు తెప్పించాలయ్యా. అలవాటుపడ్డాక అడిగేవాళ్ళు ఉండరు" అని కంగారుపడేవారు. ఆ కంగారే ఆమె గుండెను తినేసిందని నా అనుమానం. వైద్యులు ఏమి చెప్పినా నేను అదే నమ్ముతాను.

ఆ రాత్రి బాపట్ల ఇంట్లో ఆమె పార్థివ దేహం దగ్గర కూర్చున్నప్పుడు ఏసుబాబు వచ్చాడు. నన్ను పక్కకు పిలిచాడు. "సార్, మా నాయనకి ఇంజన్లు వేశాం, మా అన్నకి వేశాం. అమ్మగారికి వెయ్యొద్దంటున్నారు. అంటే ఆమె మా మనిషి కాదనా అండి?" అన్నాడు.  పొగ వద్దంటే ఆమె ఆశయం నిలుస్తుంది, ఆమె ఆ రేవుకు పరాయిదవుతుంది. కావాలంటే ఆమె వాళ్ళ మనిషవుతుంది, ఆమె పోరాటం ఆమె ముందే ఓడిపోతుంది. ప్రమీల టీచరు గారు అంతా విన్నారు. "బాబూ, అక్క పేరు మీద మనం మాట్లాడొద్దు. వాళ్ళ రేవు, వాళ్ళ మర్యాద. వాళ్ళకి ఏది సబబనిపిస్తే అది చెయ్యనివ్వండి" అన్నారు.

మర్నాడు అంబులెన్సు జెట్టీకి చేరేసరికి వేలం వేళ. ఇంజన్లు ఎప్పటిలాగే నడుస్తున్నాయి. మమ్మల్ని చూసి ఏసుబాబు తన బోటు ముందు నిలబడి భుజం మీది తువ్వాలు పైకెత్తాడు. బోట్లన్నీ ఒక్కసారిగా గర్జించాయి. నల్లటి పొగ మా మీద కమ్ముకుంది. నాంచారమ్మ కొంగు ముఖానికి అడ్డుపెట్టుకుని బోరున ఏడ్చింది. నాకు ఆ పొగ మీద, ఏసుబాబు మీద, అందరికంటే ఎక్కువగా ఆ ఆఫీసుల మీద పట్టరాని కోపం వచ్చింది. అంతలో ఏసుబాబు తువ్వాలు దించాడు. ఒక్కొక్కటిగా ఇంజన్లన్నీ ఆగిపోయాయి. మర్యాదలో ఆ భాగం ఇదివరకు లేదు, వాళ్ళే కలిపారు. ఐసు కరిగిపోతోంది, చేప పాడైపోతుంది. అయినా ఎవరూ కదలలేదు. బోట్ల పక్కలకు నీళ్ళు తగిలే చప్పుడు వినపడింది. ఏసుబాబు శవపేటిక మీద చెయ్యి వేసి, "మా వల్ల ఇంతేనమ్మా" అన్నాడు.

మేడమ్, సోమవారం నేనొక్కణ్ణే వెళ్ళాను. టిఫిన్ కట్టించుకునే వెళ్ళాను, బల్ల మీద మీరు కూర్చునే చోటు వదిలి కూర్చున్నాను. సాయంత్రం దాకా నన్ను ఎవరూ లోపలికి పిలవలేదు. నా మాటకు మీ మాటకున్న బరువు లేదు, మీ ఓర్పు నాకు లేదు. మళ్ళీ వెళతాను. మీ పవిత్ర స్మృతికి నేను సమర్పించగల పుష్పాంజలి అదొక్కటే. కానీ ఒక్క మాట చెప్పుకోవాలి. తెనాలి ఆసుపత్రిలో మిమ్మల్ని చూసినప్పుడు గానీ, రేపల్లె సమాధుల తోటలో మీ మీద మట్టి వేసినప్పుడు గానీ కాదు, మీరు లేరని నాకు తెలిసింది. రేపల్లెకు బయల్దేరిన మన బండి జెట్టీ మలుపు తిరుగుతుండగా వెనక మొదటి ఇంజను మళ్ళీ మొదలైంది. అలవాటు చొప్పున, మీరేమంటారో అని పక్కకు తిరిగి చూశాను.