వాసన చూసి అమ్మిన వెర్డిక్కియో

వైన్ గురించి నా అంత ధారాళంగా మాట్లాడిన మనిషి ఆ రోజుల్లో న్యూజీలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్ ఊరు మొత్తంలో ఉండి ఉండరు. చుక్క నోట్లో పోసుకోకుండానే అంత మాట్లాడాను మరి.

రెండు వేల ఆరు. చదువు అయిపోయింది. ఇటాలియన్ రెస్టారెంట్లో వడ్డన పని. నన్ను సూపర్‌వైజర్‌గా తీసుకుంటున్నట్టు యజమానురాలు ఉత్తరం రాసిస్తే వర్క్ పర్మిట్ వస్తుంది, లేకపోతే రెండు నెలల్లో పెట్టె సర్దుకోవాలి. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, వైన్ తెలియాలి. నేనేమో బాప్తిస్మం రోజున సంఘం ముందు నిలబడి మద్యం ముట్టనని మాటిచ్చినదాన్ని. ఆ సంగతి ఆవిడకు చెబితే ఉద్యోగం హుళక్కి! అందుకని చెప్పలేదు.

సెమిస్టర్ పరీక్షలకు పట్టినట్టే బట్టీ పట్టాను. అన్నిటికన్నా బాగా వచ్చిన పాఠం వెర్డిక్కియో. ఇటలీ తూర్పు తీరంలో మార్కే అనే ప్రాంతం, అక్కడి కొండవాలుల్లో వందల ఏళ్ళుగా పెంచుతున్న తెల్ల ద్రాక్ష. ఆ కాయల్లో ఉండే ఆకుపచ్చ ఛాయను బట్టే ఆ పేరు. దాంతో చేసిన వైన్‌లో నిమ్మపులుపు, చివర్న కాస్త బాదం చేదు. సముద్రం పక్కన పుట్టింది కనుక వేయించిన చిన్న చేపలకీ, ఆల్చిప్పలకీ, నిమ్మకాయ పిండిన కోడికీ భలే జోడీ. కారం దట్టిస్తే మాత్రం దాని పస పోతుంది. ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని, జనం ఆర్డర్ ఇచ్చేవారు.

మంగళవారాలు స్టాఫ్ అందరికీ రుచి చూపించేవారు. మిగతావాళ్ళు పుక్కిలించి బకెట్లో ఉమ్మేవారు. నేను మూసిన పెదాలకు గ్లాసు ఆనించి, వాసన మాత్రం గట్టిగా పీల్చి, తర్వాత వాళ్ళకన్నా గట్టిగా ఉమ్మేదాన్ని. ఫ్లాట్లో నాతో ఉండే ఒంగోలు అక్క, హాస్పిటల్లో నర్సు, ఇది విని నెత్తి కొట్టుకుంది.

"పెదాలకి తగిలిందంటే సగం తాగినట్టేనే పిచ్చిదానా! ఆ టైములో ప్రభువు డ్యూటీ ఆఫ్‌లో ఉంటాడనుకున్నావా?"

"మూసుకునే పెట్టా కదక్కా!"

"ఆ, పెట్టావులే. ఏదో ఒకరోజు నోరు తెరిపిస్తారు, చూడు."

తెరిపించారు. ఒక శనివారం మధ్యాహ్నం ఎనిమిది మంది భోజనానికొచ్చారు. పార్టీ ఇస్తున్న పెద్దమనిషి మా పాత కస్టమర్. "ఈ టేబుల్ నీదే. సవ్యంగా చేశావంటే ఈరోజే సంతకం పెడతాను" అంది యజమానురాలు. ఆవిడకు ఆ వారమంతా జలుబు, ముక్కు ఎర్రగా కమిలిపోయి ఉంది.

ఆయన చేపలు చెప్పారు, నేను వెర్డిక్కియో చెప్పాను. సీసా తెరవగానే గుప్పుమంది. వానాకాలం రేషన్ షాపులో తడిసి ముక్కిన గోనెసంచుల వాసన. కార్క్ బిరడా వల్ల వైన్ పాడైతే ఇలాగే ఉంటుందని చదివాను. ఆయన కొంచెం తాగి, బాగుందన్నట్టు తలూపారు. అక్కడికి ఊరుకోవచ్చు. నోరు ఊరుకుంటేగా!

"సర్, ఇది పాడైందండీ. వేరేది తెస్తాను."

ఆయన మొహం కందగడ్డ అయింది. "ముప్పై ఏళ్ళుగా తాగుతున్నాను. నాకు నువ్వు చెబుతావా?"

ఏడుగురూ కబుర్లాపేశారు. యజమానురాలు పరుగెత్తుకొచ్చింది, గ్లాసు వాసన చూసింది, దిక్కుతోచక నా వైపు తిరిగింది. "నాకేమీ తెలియడం లేదు. నువ్వే తాగి చెప్పు."

"అవును, తాగి చెప్పమనండి" అన్నారాయన, చేతులు కట్టుకుని.

బకెట్ లేదు. పెదాలు మూసుకోవడానికి లేదు, పదహారు కళ్ళు నా నోటిమీదే ఉన్నాయి. తాగనంటే అబద్ధాలకోరుని, ఇంటికి టికెట్టే. మనసులో క్షమించమని అడిగేసి గ్లాసెత్తి ఒక గుక్క మింగాను. నానిన అట్టముక్క నమిలినట్టుంది.

"పాడైంది మేడమ్. పారబోయండి."

కొత్త సీసా వచ్చింది. ఆయన తాగారు, ఇంకోసారి తాగారు. నా మొహం చూడకుండా "ఇది వేరు" అన్నారు. అంతే. మిగతా వాళ్ళు మళ్ళీ మాటల్లో పడ్డారు.

మూడింటికి హాలు ఖాళీ అయింది. బార్ దగ్గర నిలబడే యజమానురాలు ఉత్తరం మీద సంతకం పెట్టి నా చేతికిచ్చింది. "పాపం, నీకు చెడ్డదే దక్కింది. అసలుది చూడు" అని కొత్త సీసాలో మిగిలినదాంట్లోంచి ఒక గ్లాసు పోసి, పక్కన వెల్లుల్లితో ఉడికించిన ఆల్చిప్పలు పెట్టి, ముక్కు చీదుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చుట్టూ ఎవరూ లేరు. చేతికందే దూరంలో సింకు ఉంది, పారబోస్తే అడిగేవాళ్ళు లేరు. ఉత్తరం జేబులో ఉంది. ఇందాకటి గుక్క వీసా కోసమని, దేవుడికి ఆ మాత్రం తెలుసునని అప్పటికే మనసుకు సర్దిచెప్పుకున్నాను. ఒక ఆల్చిప్ప తిన్నాను. గ్లాసెత్తి కొంచెం తాగాను. నోట్లో ఇంకా ఉన్న ఉప్పు మీదుగా చల్లగా జారింది. ఎంత బాగుందో! అంత బాగున్నందుకు నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. ఈసారి తాగి తీరాలని బలవంతపెట్టినవాళ్ళు ఎవరూ లేరు. గ్లాసు మొత్తం తాగాను.