నెల్లూరు ముసురు, చేళూరు రోడ్డు మీద రాగి

బడులకు తుఫాను సెలవులిస్తే ఎవరైనా దుప్పటి కప్పుకుని ఇంట్లో పడుకుంటారు. నేను బస్సెక్కాను. కారణం మా అక్క కూతురు రాధిక. చింతామణి దగ్గర ఒక వ్యవసాయ కేంద్రంలో వాతావరణం చూసే ఉద్యోగం ఆమెది. ఎండా గాలీ వానా కొలవడం, పైనుంచి వచ్చే సూచనలను చుట్టుపక్కల పల్లెలకు సరిపోయేలా మార్చి, పాల డైరీ బోర్డుల మీద రాయించి రైతులకు చెప్పడం ఆమె పని. నేను నెల్లూరులో లెక్కల మాస్టారిని. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే నాకు ఆమె ఫోన్ వస్తుంది. ఈసారీ వచ్చింది. "మామా, మీ తట్టు గాలి ఏ పక్కనుంచి కొడతాండాది?" ఉత్తరం నుంచి అన్నాను. "అట్లయితే అది ఇంకా సముద్రంలోనే ఉండాది. గట్టెక్కితే గాలి తూర్పుకు తిరుగుతాది. రేపు మాయమ్మ రాగి రోడ్డుకేస్తాది. నేనే వెయ్యమన్నా" అంది. ఆ చివరి మాట దగ్గర గొంతు తగ్గింది. అది విన్నాక నాకు ఇంట్లో కాలు నిలవలేదు.

ఆ భయం ఎందుకో చెప్పాలి. మా అక్క ఊరు చింతామణి నుంచి చేళూరు మీదుగా బాగేపల్లి వెళ్లే దారిలో ఉంది. ఇళ్లలో తెలుగు, ఆఫీసుల్లో కన్నడం, రేడియోలో రెండూ. కన్నడ వార్తల్లో 'కరావళి' అంటే మంగళూరు వైపు తీరం. తెలుగు వార్తల్లో కోస్తా అంటే మా వైపు తీరం. శీతాకాలంలో ఈ పల్లెలకు వాన వచ్చేది మా వైపు నుంచే. రెండేళ్ల కిందట కన్నడ వార్తల్లో తీరమంతా పొడి వాతావరణమని విని ఊరు ఊరంతా నూర్పిడికి రాగి రోడ్డు మీద పరిచింది. నెల్లూరు ముసురు వచ్చి కూర్చుంది. మా అక్కకు ఏడాది తిండిగింజ కంకిలోనే మొలకెత్తింది. ఆ ఏడు కొట్లో రాగి కొనుక్కుని తిన్నారు. రాగి పండించే ఇంట్లో అంతకన్నా చిన్నతనం లేదు. ఈసారి తెలుగు వార్తలు విని, భారీ వర్షాలంట అని ఊరు మొత్తం చేతులు ముడుచుకుని కూర్చుంది. రాధిక మాత్రం ఒక్కరోజు ఎండ ఉంది, ఆ తర్వాత నాలుగు రోజులు ముసురు అంది. కుప్ప తడిస్తే మళ్లీ మొలకే. పరిచాక తడిస్తే గింజ మట్టిపాలు. రెండింటి మధ్యా మా అక్కకున్నది కూతురి మాటే.

మీరు కూడా నెల్లూరు వైపు నుంచి వెళ్లాలనుకుంటే, సాయంత్రం తిరుపతి బస్సెక్కి అక్కడ మారండి. మదనపల్లె మీదుగా తెల్లవారేసరికి చింతామణి చేరతారు. నాకు రెండు టిక్కెట్లకూ కలిపి రెండువందల లోపే అయింది. మదనపల్లె దాటేసరికి అద్దం మీద జల్లు ఆగిపోయింది. చింతామణి బస్టాండులో దిగితే ఆకాశం శుభ్రంగా ఉంది, చలి మాత్రం చెవులు కోసేస్తోంది. పక్కనే చిన్న హోటల్లో వేడి రాగిముద్ద, తొక్క తీసిన అనపగింజలతో చేసే పితికిపప్పు పులుసు పెట్టారు. పులుసు వాసన బాగుందని వండిన ఆమెతో అన్నాను. "మంచు తాగిన అనపకాయప్పా. నాలుగు దినాలు మబ్బుపట్టి మోడం పడితే ఈ వాసన రాదు. తినేపో" అని ఇంకో గరిటె వేసింది.

చేళూరు బస్సులో డ్రైవరు వెనక సీటు దొరికింది. ఈ కాలంలో ఈ దార్లలో రైతులు కోసిన రాగిని తారురోడ్డు మీదే పరుస్తారు. బస్సులూ లారీలూ దాని మీదుగా పోతుంటే గింజ రాలుతుంది. ఆ రోజు మాత్రం దారి పొడుగునా రోడ్డు ఖాళీగా ఉంది, కుప్పల మీద పట్టలు కప్పి ఉన్నాయి. "తుపాను అంటాండారు కదప్పా, ఎవురూ వెయ్యలేదు" అన్నాడు డ్రైవరు. ఊరి మలుపు తిరిగేసరికి ఎదురుగా ఒకే ఒక్క రాగి పరుపు, దాని పక్కన కొంగు నడుముకు బిగించి మా అక్క. "ఎవురో ధైర్యస్తురాలు" అని ఆయన బస్సు నెమ్మది చేసి కంకుల మీదుగానే తీసుకెళ్లాడు. పక్కనుంచి పోతే తిడతారట. ఆమె మా అక్కేనని గొప్పగా చెప్పుకున్నాను.

అక్క నన్ను చూసి కుశలం కూడా అడగలేదు. "వచ్చినావా. ఆ కొస తిరగెయ్" అని పంగల కర్ర చేతికిచ్చింది. పక్క పొలం వెంకటప్ప గట్టు మీద కూర్చుని, "మీ తట్టు వాన ఎట్లుండాదప్పా?" అని అడిగాడు. వీధుల్లో మోకాళ్ల లోతు నీళ్లని ఉన్నమాట చెప్పాను. అప్పటిదాకా గట్టు మీంచి కొంచెం అనుమానంగా చూస్తున్న ఊరివాళ్లు నలుగురూ ఇప్పుడు మా అక్క రాగిని జాలిగా చూశారు. వెంకటప్పయితే, "పోయినసారి చాల్లేదామ్మా నీకు?" అని కూడా అన్నాడు. అక్క చెదిరిన కంకులను కాలితో లోపలికి తోసింది. నేను కర్రతో తిరగేశాను.

మధ్యాహ్నానికి రాధిక కేంద్రంలో పని ముగించుకుని వచ్చింది. ఆమె బస్సు దిగిన కాసేపటికే తూర్పున మబ్బు లేచింది. ఎండ మాసిపోయి, నాలుగు చినుకులు నా చేతి మీద పడ్డాయి. "ఎత్తండి, ఎత్తండి" అని జనం పరుగెత్తుకొచ్చారు. సగం నలిగిన రాగిని అప్పుడు ఎత్తితే రాలిన గింజంతా రోడ్డుపాలే. ఎత్తకపోతే, ఆ మబ్బు నిజమైనదైతే, అంతా పోయినట్టే. అక్క ఎవరి మాటా వినకుండా కూతురి ముఖం చూస్తూ నిలబడింది. రాధిక సెల్‌ఫోన్ తీసి నెల్లూరులో నా భార్యకు ఫోన్ చేసింది. "అత్తా, జల్లు ఏ పక్క కొడతాండాది?" ఉత్తరపు వైపు వంటింటి కిటికీకే ఇంకా కొడుతోందని అవతలి నుంచి జవాబు. రాధిక ఫోన్ పెట్టేసి, "ఎత్తద్దమ్మా. అది ఇంకా గట్టెక్కలేదు. ఈ మబ్బు దాటిపోతాది" అంది. మాట స్థిరంగానే ఉంది, చేతులు మాత్రం చున్నీ అంచును నలుపుతున్నాయి. అక్క పంగల కర్ర అందుకుని మళ్లీ పనిలో దిగింది. అంత చదువుకున్న పిల్ల, అంతమంది ముందు, తల్లి తిండిగింజ మీద పందెం కాసింది.

మబ్బు దాటింది. ఎండ తిరిగొచ్చాక వెంకటప్ప లేచి తన కుప్ప మీద పట్ట లాగేసి తనూ రాగి పరిచాడు. చేళూరు నుంచి, బాగేపల్లి నుంచి వచ్చిన ప్రతి బస్సూ మా రాగి తొక్కింది. పొద్దు వాలే ముందు, చల్లటి ఆ ఉత్తరపు గాలికే అక్క గింజ తూర్పారబట్టింది. మూటలు ఇంట్లో చేరాక నెల్లూరు నుంచి ఫోన్ వచ్చింది. జల్లు తూర్పు వసారాలోకి మారిందట. "గట్టెక్కింది" అంది రాధిక. పాలు పోసే వేళకు, మేమంతా ఊరి పాల డైరీ దగ్గరుండగా, ముసురు మొదలైంది. వెంకటప్ప సగం రాగి ఎత్తుకోగలిగాడు, సగం తడిసింది. తడిసిన తలగుడ్డ పిండుకుంటూ, "మీ పాప మాట పొద్దున్నే వినకపోతిని" అన్నాడు. ఎవరో రాధికను వాన ఎన్నాళ్లని అడిగారు. నాలుగు దినాలంది ఆమె. నిజమేనా అని ఇంకొకరు గొణిగారు. పొద్దుటినుంచి ఊరి మాటలు పడిన మా అక్క పాలచెంబు కింద పెట్టి, "నాలుగు దినాలని చెప్పినాది కదా. ఉలవలు కొయ్యాలనుకునేవాళ్లు ఎవురూ కొయ్యద్దండి" అని ఊరందరికీ ఆజ్ఞ జారీ చేసింది. వెంకటప్పే ముందు తలూపాడు. నాకు కళ్లు చెమర్చాయి.

మరునాడు ముసురులోనే బాగేపల్లి వెళ్లి, అక్కడ హైవే బస్సెక్కి, ఈమధ్యే జిల్లా కేంద్రమైన చిక్కబళ్లాపురంలో దిగాను. ఆ బస్సులో పక్కనున్న ద్రాక్షతోట రైతు, "చింతామణి మేడం చెప్పినారని మొన్ననే మందు కొట్టేసుకున్నాం" అన్నాడు. ఆ మేడం నా మేనకోడలని చెబితే జరిగి ఇంకొంచెం చోటిచ్చాడు. ఇన్నేళ్లూ రెండు రాష్ట్రాల రేడియోలు వినీ ఈ ఊళ్లు తమ వాన సంగతి తెలియక నష్టపోయాయి. ఇప్పుడు వాళ్ల వాన గురించి వాళ్ల మాటలో చెప్పే మనిషి ఒకరున్నారు. ఆ మనిషి మా ఇంటి పిల్ల కావడం నాకు గర్వంగా ఉంది, దాచుకోను.

డిసెంబరులో ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక్క సూచన. రేడియోలో తీరం సంగతి విని సామాను సర్దుకోకండి. ఏదైనా పల్లెలో దిగి, పాలు పోసే వేళ డైరీ బోర్డు మీద సుద్దతో ఏం రాసుందో చదవండి, కన్నడం రాకపోతే పాలు పోసే అమ్మలు తెలుగులో చెప్తారు. ఎండ అని రాసుంటే గొడుగు సంచిలోనే ఉంచండి. రాయించింది నా మేనకోడలు.