జానెడు కొసరు

గవర్నర్‌పేటలో బట్టల కొట్టు మూసేశాక మా మామయ్య గోల్ఫ్ మొదలుపెట్టాడు. బంతిని గుంటలోకి దొర్లించే పుట్టర్‌ను కోచ్ ఆయన ఎత్తుకు తగ్గట్టు కోయించి ఇచ్చాడు. మామయ్య మాత్రం దాన్ని తన చేత్తో మూరేసి చూసుకున్నాకే ఒప్పుకున్నాడు. అయినా కొట్టిన ప్రతి బంతీ గుంట దాటి జానెడు అవతల ఆగేది.

"చెయ్యి బిగించకుండా మెల్లగా ఊపండి సార్," అన్నాడు కోచ్.

"నా చెయ్యి అంతేనండీ. జానెడు కొసరు వెయ్యందే ఆగదు!"

బట్టల వర్తకుల పోటీలో ఆఖరి బంతి గుంటలో పడితే కప్పు ఆయనదే. అదీ జానెడు దాటిపోయింది. "కొట్టు మూసినా కొసరు మానలేదు!" అంటూ తోటి వర్తకులు చప్పట్లు కొట్టారు.

నేను కొట్టలేదు. ఆయన కొట్లో తెచ్చిన జాకెట్టు గుడ్డ జానెడు చాల్లేదని టైలరు మా అమ్మను ఎన్నిసార్లు తిప్పి పంపాడో నాకు తెలుసు. అమ్మకు దక్కాల్సిన కొసరంతా ఆ గడ్డికి దక్కింది.