బర్రెకు నచ్చిన పోస్టుమాస్టరు

తెలంగాణ ఏర్పడిన మరుసటి ఏడు, వానకాలం మొదట్లో, నన్ను బోథ్ పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో అసిస్టెంట్ అని ఉన్నా ఆ ఆసుపత్రికి పెద్ద నేనే. పైన అసిస్టెంట్ డైరెక్టరు, ఆ పైన జాయింట్ డైరెక్టరు ఉంటారు. కింద ఉండేవాళ్లు తక్కువ. నాకు షఫీ అనే జూనియర్ వెటర్నరీ ఆఫీసరు, ఒక అటెండరు, ఎప్పుడు పనిచేస్తుందో దానికే తెలియని ఒక ఫ్రిజ్ దక్కాయి.

ఇల్లు కరీంనగర్‌లోనే ఉంచాను. నా భార్య సుగుణ అక్కడ టీచరు. సాయంత్రం వంట కాగానే టీవీ ముందు కూర్చుని పాత హాస్య సీరియళ్లు చూసేది. నాకు అవి గిట్టవు. ఎక్కడ నవ్వాలో ముందే రికార్డు చేసిన నవ్వుతో మరొకరు నాకు చెప్పడమేమిటని నా అభ్యంతరం. నేను ఇంట్లో ఉంటే ఆమె సౌండు తగ్గించి చూసేది. నా ముఖం గురించి షఫీ ఒక మాటన్నాడు. "సార్, పాస్‌పోర్టు ఫొటోకు మీరు ప్రత్యేకంగ తయారు గావాల్సిన పని లేదు." మనిషి చెడ్డవాడు కాడు కనుక ఊరుకున్నాను.

ఆ వానకాలంలోనే ఒక పొద్దున పక్క ఊరి నుంచి పోశెట్టి అనే రైతు వచ్చాడు. అరవై దాటిన మనిషి, తెల్ల తువ్వాల, గట్టి గొంతు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సారు, బర్రె శేపుతలేదు. పొదుగు నిండ పాలున్నయ్, చుక్క దిగుతలేదు. గా సూది ఒక్కటి పొడుసుండ్రి. లేకపోతే రేపు పొద్దుగాల పసుల బేరగాడు వస్తుండు, తోలుకపోతడు" అన్నాడు.

ఇక్కడ కొంచెం వివరించాలి. పొదుగులో పాలు ఉండడం వేరు, అవి కిందికి దిగడం వేరు. దూడ మూతితో పొడిస్తేనో, పొదుగు కడిగితేనో, రోజూ వినే చెంబు చప్పుడు వినబడితేనో తల్లి మెదడు దగ్గరి గ్రంథి నుంచి ఒక హార్మోను వచ్చి పాలను చనుల్లోకి దింపుతుంది. దాన్నే చేపడం అంటాం. భయపడినా చిరాకుపడినా అది ఆగిపోతుంది. అలా కొన్నాళ్లు పొదుగు ఖాళీ కాకుంటే పాలు తయారు కావడమే తగ్గి బర్రె వట్టిపోతుంది. పోశెట్టి అడిగిన సూది ఆ హార్మోనే. రోజూ పాల కోసం దాన్ని పొడవడానికి నిబంధనలు ఒప్పుకోవు, నేనూ ఒప్పుకోను. దొంగచాటుగా అమ్మేవాళ్లు ఉండేవారు. వాళ్ల మీద నాకున్న కోపం ఈ జ్ఞాపకంలో పట్టదు.

సూది ఇవ్వనన్నాను. వచ్చి చూస్తానన్నాను. మధ్యాహ్నం షఫీని బండి వెనక కూర్చోబెట్టుకుని వెళ్లాను.

బర్రెను పాలు పిండేది పోశెట్టి కోడలు నర్సవ్వ. ముప్పై ఏళ్లుంటాయి. భర్త మస్కట్‌లో పని. ఆ బర్రె ఆమెకు పుట్టింటివాళ్లు ఇచ్చినది. పాల కేంద్రం పుస్తకం ఆమె పేరు మీదే. ఆ ఇంట్లో ఆమె పేరు మీద ఉన్నది అదొక్కటేనని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కొట్టం గుంజ పట్టుకుని నిలబడిన తీరులోనే తెలిసింది. "సారూ, అమ్మకుంట చెయ్యుండ్రి" అని ఒక్క మాట అని ఊరుకుంది.

పద్ధతి ప్రకారం పరీక్ష చేశాను. జ్వరం లేదు. పొదుగువాపు లేదు. మేత బాగానే తింటోంది. దుడ్డె, అంటే దాని దూడ, ఈనిన నెలకే పోయింది. కానీ ఆ తర్వాత కూడా చాలా వారాలు బాగానే చేపింది. మరి ఎప్పటి నుంచి ఆపింది?

"గా సీరియల్ బందైన కాన్నుంచి సారు" అంది నర్సవ్వ.

అరుగు మీద బల్ల వేసి టీవీ పెట్టారు. కొట్టం దానికి ఎదురుగానే. సాయంత్రం ఆరింటికి ఒక కేబుల్ ఛానల్ 'మూడు వాటాల ఇల్లు' అనే పాత హాస్య సీరియల్‌ను మళ్లీ వేసేది. నర్సవ్వ అది చూస్తూ పాలు పిండేది. మర్నాడు పొద్దున అదే భాగం తిరిగి వచ్చేది, అప్పుడూ పిండేది. ఛానల్ వాళ్లు దాన్ని ఆపేసి, ఆ సమయానికి నలుగురు పెద్దమనుషులు కూర్చుని అరుచుకునే చర్చ పెట్టారు. మొదటి రోజు చర్చకే బర్రె బకెట్ తన్నింది. ఈ ఒక్క విషయంలో దాని అభిప్రాయమే నాదీ.

నాకు చాలా సంతోషమైంది. కాలేజీలో చదివిన అలవాటు ప్రతిచర్య ఇదే. దూడ పోయాక సీరియల్ చప్పుడే దానికి దూడ అయింది. షఫీకి అరుగు మీదే పాఠం చెప్పాను. ఆ శబ్దం తిరిగి వినిపిస్తే చాలన్నాను. షఫీ ఫోను తీశాడు. ఆ రోజుల్లో ఆ ఊళ్లో ఫోనులో వీడియో చూడడమంటే గుండ్రంగా తిరిగే చక్రాన్ని చూడడమే. చాలాసేపటికి సిమెంటు ప్రకటన వచ్చింది. బర్రె తల తిప్పుకుంది.

అయితే ఆ మాటలు మనుషులే చెప్పాలి. కానీ ఎవరి మాటకు చేపుతోంది? ఈ ప్రశ్న నోరు జారి బయటికి అన్నాను. అప్పటికే వాకిట్లో సగం ఊరు చేరింది.

ఆ సీరియల్‌లో ముఖ్యులు ముగ్గురు. నల్లా మీద తాళం వేసుకునే ఇంటి యజమానురాలు శేషారత్నం. ప్రతి భాగంలో ఉప్మా మాడ్చే బ్రహ్మచారి కుటుంబరావు. ఇంట్లో కూడా గొడుగు విప్పుకుని తిరిగే రిటైర్డ్ పోస్టుమాస్టరు. అందరూ అన్నీ నిర్ణయించేశాక ఆయన తలుపు దగ్గర నిలబడి, "అయితే నన్నెవరూ అడగరన్నమాట!" అంటాడట. ఊళ్లో ఎవరికి వాళ్లు తమకు నచ్చిన పాత్రే బర్రెకూ నచ్చిందని వాదించారు. షఫీ శేషారత్నం వైపు. పక్కింటి సాయన్న కుటుంబరావు వైపు. "మీ శేషారత్నం మొకం సూస్తె ఉన్న పాలు ఇరుగుతయ్" అని సాయన్న అంటే, షఫీ ప్రభుత్వోద్యోగినన్న సంగతి మరిచి చొక్కా చేతులు మడిచాడు. కాగజ్‌నగర్ కాగితం మిల్లు మూతపడిన రోజుల్లో కూడా నేను ఇంత వేడి వాదన వినలేదు.

నేను చేతులెత్తి ఆపాను. జబ్బు తెలియనప్పుడు ఒక్కొక్క కారణాన్నీ పరీక్షించి కొట్టేసుకుంటూ పోవడం మా వృత్తి పద్ధతి. ఆరింటికి ఒక్కొక్క పాత్రనే ప్రవేశపెడతాం, మిగతావాళ్లు నోరు మెదపకూడదు అని చెప్పాను.

నర్సవ్వ పొదుగు కడిగి, బకెట్ పెట్టుకుని కూర్చుంది. ముందు షఫీ తువ్వాల తలకు కప్పుకుని, తాళంచెవుల గుత్తి ఊపుతూ శేషారత్నంగా వచ్చాడు. నల్లా నీళ్ల గురించి బర్రెను తిట్టాడు. బర్రె అతన్ని పైనుంచి కిందికి చూసి ఉచ్చ పోసింది. ప్రతిచర్య లేదని నిర్ణయించాను. తర్వాత సాయన్న. ఒక్క మాట చాలంటే వినకుండా భాగం మొత్తం నటించాడు. ఉప్మా మాడే వాసనకు తుమ్ములు కూడా తనే తుమ్మాడు. బర్రె నెమరు వేసింది. నర్సవ్వ వేళ్లు చనుల మీద ఊరికే కదులుతున్నాయి. బకెట్ ఖాళీ.

పోస్టుమాస్టరు చెయ్యడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆంధ్ర మాట మాకు నోరు తిరగదన్నారు. పోశెట్టి నన్ను చూసి, "సారే అనాలె. సదువుకున్నోళ్లు, గొడుగు గూడ ఉన్నది" అన్నాడు.

సుగుణకు ఫోన్ చేశాను. ఆ వేళప్పుడు నేను ఎన్నడూ చెయ్యను కనుక ముందు భయపడింది. విషయం చెప్పాక మళ్లీ మొదటి నుంచి చెప్పమంది. తర్వాత, "ఎవరి పక్కన మందు తాగి కూసున్నరు?" అంది. ప్రమాణం చేశాక నేర్పింది. "కోపంగ అనొద్దు. పెండ్లిల భోజనానికి పిలువని మనిషి లెక్క అనాలె. ఏది, ఒకసారి అనుండ్రి." ఆ మాట అన్నాను. "మీరు రివ్యూ మీటింగుల లెక్క జెప్పినట్టు అంటుండ్రు" అంది. మూడుసార్లు అనిపించి, ఇక కాదులెమ్మని పెట్టేసింది.

గొడుగు విప్పి కొట్టంలోకి నడిచాను. గొడుగు కొన వాసాల్లో చిక్కుకుంది. నేను ముందుకు వెళ్లాను, గొడుగు రాలేదు. చెయ్యి పైన వేలాడుతుండగానే, వెనక్కి తగ్గితే పరీక్ష చెడుతుందని, నిటారుగా నిలబడి, "అయితే నన్నెవరూ అడగరన్నమాట" అన్నాను. ఆర్డరు చదివినట్టే వచ్చింది. ఆ సంగతి నాకే తెలిసింది.

బర్రె పక్కకు తల ఆనించుకున్న నర్సవ్వ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు, నవ్వుతోంది. ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, పళ్లన్నీ కనబడేలా నవ్వింది. బకెట్‌లో సుయ్‌మని ధార పడింది. బర్రె కళ్లు సగం మూసి నిలబడి, పొదుగు ఖాళీ అయ్యేదాకా కదల్లేదు.

పోస్టుమాస్టరే మందు అని తేల్చి, రాత్రి బాగా నిద్రపోయాను. మర్నాడు పొద్దున మళ్లీ వెళ్లాను. ఒక్కపూట పాలకు మురిసిపోయి బేరం వదులుకోనని పోశెట్టి అన్నాడు కనుక, అప్పటికే బేరగాడు పెద్ద రుమాలు చుట్టుకుని కొట్టం గడపలో నిలబడి ఉన్నాడు. నర్సవ్వ అతని వైపు చూడకుండా బకెట్ పెట్టుకుని బర్రె పక్కన కూర్చుంది. నేను గొడుగు విప్పి, అదే మాట, నిన్నటికంటే బాగానే అన్నాను. చుక్క రాలేదు. మళ్లీ అన్నాను. బర్రె కాలు ఝాడించింది.

"సూసినవా సారూ, ఇది శేపే బర్రె గాదు" అన్నాడు బేరగాడు.

నాకు ఒళ్లు మండింది. అతని వైపు గిర్రున తిరిగాను. గొడుగు కమ్మి అతని రుమాలులో చిక్కింది. నేను లాగాను. రుమాలు ఊడి వచ్చి గొడుగు మీద వేలాడింది. లోపల తల నున్నగా ఉంది, దాని మీద ఒక బీడీకట్ట, అగ్గిపెట్టె పొందిగ్గా కూర్చుని ఉన్నాయి. బేరగాడు రెండు చేతులా తల కప్పుకున్నాడు. నర్సవ్వ పకపకా నవ్వింది. ఆ క్షణమే బకెట్‌లో ధార.

ఈసారి ధార పడింది పోస్టుమాస్టరు మాటకు కాదు. నిన్నా ఇవాళా రెండింటిలోనూ ఉన్నది ఒక్క నర్సవ్వ నవ్వే. బర్రె సీరియల్ వినలేదు, ఆమెను విన్నది. ఆమె నవ్వినప్పుడు వేళ్లు మెత్తబడతాయి, ఊపిరి తేలికవుతుంది, తల ఆనించిన పక్కకు ఆ కదలిక తెలుస్తుంది. దుడ్డె పోయాక దానికి చేపమని చెప్పింది అదే. నేను పొదుగును పరీక్షించాను, టీవీని పరీక్షించాను, సగం ఊరిని పరీక్షించాను. పాలు పిండే మనిషిని పరీక్షించలేదు.

సీరియల్ ఆగాక ఎప్పుడన్నా నవ్వావా అని అడిగాను.

"నవ్వుటానికి ఇంట్ల ఏమున్నది సారూ? ఆయన ఫోన్ జేస్తె పైసల ముచ్చట, పొలం ముచ్చట. మామ బర్రెతోని మాట్లాడుతడు గని నాతోని మాట్లాడడు. గా పోస్టుమాస్టరు ఒక్కడే నవ్విచ్చెటోడు."

పోశెట్టి తువ్వాల సర్దుకుంటూ ఆకాశం వైపు చూశాడు. బేరగాడు బీడీకట్ట జేబులో వేసుకుని, వచ్చిన దారిన పోయాడు.

ఆసుపత్రి చీటీ మీద మందు రాశాను: రోజుకు రెండు పూటలా, పాలు పిండే ముందు, పిండే మనిషిని నవ్వించాలి. ఇంట్లో ఉన్న మరో మనిషి పోశెట్టి ఒక్కడే కనుక ఇచ్చేవాడు ఆయనే అన్నాను.

"కోడల్ని మామ నవ్విచ్చుడేంది సారు? ఊర్ల ఇజ్జత్ పోతది" అన్నాడు.

"బర్రె పోతే?" అన్నాను.

ఆయన కొట్టంలోకి పోయి, కోడలి వైపు వీపు పెట్టి, గోడతో, "అయితే నన్నెవలూ అడుగరన్నమాట" అన్నాడు. అంత దుఃఖంగా ఆ మాటను ఆ నటుడు కూడా అని ఉండడు. నర్సవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఖాళీ అయిన పొదుగు నుంచి మరో నాలుగు ధారలు వచ్చాయి. ఇది అతిశయోక్తి కాదు, షఫీ సాక్షి.

ఆ నెల సమీక్షా సమావేశంలో అసిస్టెంట్ డైరెక్టరు కేసుల రిజిస్టరు తిప్పుతూ ఆ వరుస దగ్గర ఆగాడు. "చికిత్స, నవ్వు. ఇదేమిటయ్యా?" అన్నాడు. సూది వాడలేదని, పాలు దిగాయని చెప్పాను. ఆయన అద్దాలు తీసి నన్ను చూసి, "నవ్వించింది నువ్వేనా?" అని అడిగి, సమావేశం అయ్యేదాకా మధ్యమధ్య దగ్గుతూ కూర్చున్నాడు. శనివారం ఇంటికి వెళ్లినప్పుడు సుగుణ టీవీ సౌండు తగ్గించలేదు. నేనూ తగ్గించమనలేదు.

మరుసటి వేసవిలో పోశెట్టి మళ్లీ ఆసుపత్రికి వచ్చాడు. ఈసారి చెప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు. బర్రె మళ్లీ చూలు కట్టిందని, నెలలు నిండుతున్నాయి కనుక పాలు పిండడం ఆపేశామని చెప్పాడు. అంతా సరిగ్గానే ఉందన్నాను. అయినా లేవలేదు. తువ్వాలతో ముఖం తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"మరి సారు, గా మందు బందు పెట్టాల్నా?"

పిండకుండా వదిలేసే ఆ రెండు నెలల గురించి మా వృత్తిలో ఒక నియమం ఉంది. బకెట్‌లో పాలు పడడం లేదని ఆ కాలంలో దాణా తగ్గిస్తే, వచ్చే ఈతలో అది పాలలో కనబడుతుంది. రైతులు ఎక్కువగా చేసే పొరపాటు అదే.

"ఆపొద్దు" అన్నాను.