తిత్తి మామ పీల్చిన పరాయి దుమ్ము

షెడ్డులో అందరూ అతన్ని తిత్తి మామ అనేవాళ్లు. కొలిమి దగ్గర తిత్తి ఎంత ఊదుతుందో, ఇంజన్ల దగ్గర అతనూ అంత ఊదేవాడు. పరాయి దేశాల నుంచి ఓడల మీద వచ్చే పాత ట్రాక్టర్లను విప్పి, బాగుచేసి అమ్మే షెడ్డు అది. రేడియేటర్ సందుల్లో పేరుకున్న దుమ్మును ముందు పొడిగానే వదిలించాలి. నీళ్లు తగిలితే బురదై సందులు మూసుకుపోతాయి. గాలి మిషను పెడితే పల్చటి రేకులు వంగిపోతాయని మామ పట్టు. అందుకని కుంచెతో కదిపి, నోరు దగ్గర పెట్టి ఊదేవాడు. దుమ్మంతా మొహం మీదికే లేచేది. మూతికి గుడ్డ కట్టుకోమంటే, ఈ దుమ్ము తినే ఇంతవాణ్ణయ్యానని నవ్వేవాడు. ఆ ధీమాయే కొంప ముంచింది.

దగ్గు పట్టుకుంది. జ్వరం, చెమటలు, మనిషి సగానికి సగం అయ్యాడు. పెద్దాసుపత్రి డాక్టరు ఎక్స్‌రే చూసి, ఈమధ్య దూరదేశాలేమైనా వెళ్లారా అని అడిగాడు.

"మా వీధి మలుపు దాటాలన్నా మా ఆవిడ సెలవివ్వాలండీ," అన్నాడు మామ.

డాక్టరు నవ్వాడు, నర్సూ నవ్వింది. ఈయన ఏ దేశం వెళ్లాడని అడిగారే గాని, ఏ దేశపు మట్టి ఈయన ముక్కులోకి వచ్చిందని ఏ మహానుభావుడూ అడగలేదు. కఫంలో క్షయ కనబడకపోయినా క్షయే అయ్యుంటుందని మందులు రాశారు. ఇంట్లో పసిపిల్ల ఉంటే దూరంగా ఉండమన్నారు.

పసిపిల్ల ఉంది. కూతురి బిడ్డ, అప్పుడప్పుడే మెడ నిలుపుతోంది. ఆ సాయంత్రమే మామ మంచం వెనక వరండాలోకి మారింది. కంచం వేరు, చెంబు వేరు. భార్య అన్నం గుమ్మంలో పెట్టి పలకరించకుండానే వెళ్లిపోయేది. చెడ్డ మనిషి కాదు, భయపడ్డ మనిషి. వరండాలో ఒంటరిగా కూర్చున్నవాడికి ఆ రెంటికీ తేడా ఏం తెలుస్తుంది? పిల్ల బోర్లాపడటం, పాకటం, తాతా అనబోయి తత్తత్తా అనటం, అన్నీ గోడ ఇవతలనుంచే విన్నాడు. ఒక్కసారి ఎత్తుకుంటే చాలు అనుకుంటూ మందులు మింగాడు. జబ్బు ఇసుమంతైనా తగ్గలేదు.

చివరికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, మీరేం పని చేస్తారు అని అడిగింది. అంతా విని, ఊపిరితిత్తిలోంచి చిన్న ముక్క తీయించి ల్యాబుకు పంపింది. క్షయ కాదు, ఒక జాతి బూజు. ఎక్కడో ఎండు నేలల మట్టిలో పెరిగేది, ట్రాక్టర్ల దుమ్ములో ఇక్కడికి వచ్చింది. దీనికి మందు వేరే ఉందని చెప్పింది.

"ఇది మనిషి నుంచి మనిషికి అంటదండీ. మొదటినుంచీ ఇది అంటుకునే జబ్బే కాదు. హాయిగా మనవరాల్ని ఎత్తుకోండి."

మామ ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి ఏడ్చాడు. ఇంటికొచ్చి చెబితే భార్య మొహం మారలేదు.

"అంటుతుందన్నదీ ఆ ఆసుపత్రే, అంటదన్నదీ ఆ ఆసుపత్రే. ఏది నమ్మి పిల్లని మీ ఒళ్లో పెట్టమంటారు?"

కూతురు పిల్లను చంకనేసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున ఆడవాళ్లు పనిలో ఉండగా పిల్ల గుమ్మం దాటి పాక్కుంటూ వచ్చేసింది. మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడి, ఎత్తుకోమని చేతులు చాచింది. మామ ప్రాణం లేచొచ్చింది. తనూ చెయ్యి చాచాడు. అంతలో దగ్గు తెర ముంచుకొచ్చింది. ఈ డాక్టరమ్మ కూడా పొరబడి ఉంటే? మొదటాయన మాత్రం నమ్మకంగా చెప్పలేదా? చాచిన చేత్తోనే పిల్లను ఛెళ్లున కొట్టాడు.

పిల్ల వెల్లకిలా పడి గుక్కపట్టింది. భార్య పరుగున వచ్చి ఎత్తుకుంది. ఏం జరిగిందో అర్థమై, ఎన్నో నెలల తర్వాత మొగుడి కళ్లలోకి చూసి మెత్తగా మాట్లాడింది.

"మంచి పని చేశారండీ."

కొత్త మందు పనిచేసింది. వానలు మొదలయ్యేసరికి దగ్గు పోయింది, మంచం లోపలికి వచ్చింది, ఇంట్లో భయమూ వదిలింది. ఒకరోజు కూతురే పిల్లను తెచ్చి, తీసుకో నాన్నా అని అందించింది. మామ చెయ్యి చాచగానే పిల్ల కెవ్వుమని తల్లి మెడకు కరుచుకుపోయింది.